పోయిన ధ్వని మిగిల్చిన జాడ: నార్వీజియన్, జోంగ్‌ఖా భాషల తులనాత్మక పరిశీలన

పదార్థం రూపం మార్చుకొంటుందే గాని నశించదన్నది రసాయన శాస్త్రంలో మొదటి పాఠం. కట్టె కాలి బూడిద అయినప్పుడు తగ్గినట్లు కనిపించే బరువు పొగలోను, వాయువులలోను లెక్కకు దొరుకుతుంది. మరి భాషలో ఒక ధ్వని నశించినప్పుడు ఏమవుతుంది? అది నిశ్శేషంగా పోతుందా, లేక మరొక రూపంలో ఎక్కడో మిగులుతుందా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి రెండు భాషలను ప్రక్క ప్రక్కన ఉంచి చూడవచ్చును. ఒకటి ఉత్తర ఐరోపాలోని నార్వీజియన్. రెండవది హిమాలయ రాజ్యమైన భూటాన్‌లోని జోంగ్‌ఖా.

ఈ రెండింటినే ఎన్నుకోవడానికి కారణమున్నది. ఒకే కుటుంబానికి చెందిన భాషలలో పోలికలుంటే అవి వారసత్వం వల్ల వచ్చినవి కావచ్చును. ఇరుగుపొరుగు భాషలలో పోలికలుంటే అవి ఎరువు తెచ్చుకొన్నవి కావచ్చును. నార్వీజియన్‌కు, జోంగ్‌ఖాకు చుట్టరికం గాని, ఇరుగుపొరుగు సంబంధం గాని లేవు. కనుక ఈ రెండింటిలో ఒకే విధమైన మార్పు కనిపిస్తే దానికి కారణం మానవుని నోటి నిర్మాణంలోను, చెవి గ్రహించే తీరులోను వెదకవలసి ఉంటుంది. ప్రయోగశాలలో ఇతర కారణాలను తొలగించి ఒక్క కారణాన్నే పరీక్షించే పద్ధతి వంటిదే ఇది.

రెండు దేశాలు, రెండు కుటుంబాలు

నార్వే జనాభా సుమారు 55 లక్షలు. నార్వీజియన్ ఇండో-యూరోపియన్ కుటుంబంలో జర్మానిక్ శాఖకు చెందినది. డేనిష్, స్వీడిష్ భాషలు దానికి తోబుట్టువులు. ఆ లెక్కన అది సంస్కృతానికి, హిందీకి దూరపు బంధువు, తెలుగుకు కాదు.

భూటాన్ జనాభా ఎనిమిది లక్షలకు లోపే. అయినా ఆ చిన్న దేశంలో దాదాపు 19 భాషలు వినిపిస్తాయి. వాటిలో పశ్చిమ భాగానికి చెందిన ఎనిమిది జిల్లాల ప్రజలకు మాతృభాష అయిన జోంగ్‌ఖా జాతీయ భాష. 2008లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం తన మొదటి అధికరణంలోనే ఈ విషయాన్ని ప్రకటించింది. ‘జోంగ్’ అంటే కోట, ‘ఖా’ అంటే నోరు, మాట. కోటలలో, అంటే పాలనకు, ధర్మానికి కేంద్రాలైన ఆ కట్టడాలలో మాట్లాడే భాష అని అర్థం. ఈ పేరులోని ‘జ’ను తెలుగువారు సులభంగా పలుకగలరు. అది ‘జాతి’లోని జ కాదు, ‘జొన్న’లోని దంత్య జ. జోంగ్‌ఖా టిబెటో-బర్మన్ శాఖకు చెందినది. టిబెటన్‌కు దగ్గరి చుట్టం, బర్మీస్‌కు, చైనీస్‌కు దూరపు చుట్టం.

అంకెలు పలికే సాక్ష్యం

భాషల చుట్టరికాన్ని పరీక్షించడానికి అంకెలు మంచి సాధనాలు. నార్వీజియన్‌లో రెండు ‘తూ’, మూడు ‘త్రే’, ఎనిమిది ‘ఒత్తె’, తొమ్మిది ‘నీ’, పది ‘తీ’. సంస్కృతంలోని ద్వి, త్రి, అష్ట, నవ, దశలను వీటి ప్రక్కన ఉంచితే పోలిక వెంటనే తోస్తుంది. ఆ పోలిక కూడ చెదురుమదురుది కాదు. సంస్కృతంలో ‘ద’ ఉన్న చోట నార్వీజియన్‌లో ‘త’ వస్తుంది: ద్వి-తూ, దశ-తీ, దంత-తన్. ‘ప’ ఉన్న చోట ‘ఫ’ వస్తుంది: పాద-ఫూత్, పూర్ణ-ఫుల్. ఈ క్రమబద్ధమైన అనురూపతను డెన్మార్క్ పండితుడు రాస్మస్ రాస్క్ 1818లో ప్రచురించిన గ్రంథంలో చూపించాడు. తరువాత 1822లో యాకోబ్ గ్రిమ్ దానిని సూత్రీకరించాడు. రాస్క్ గ్రంథానికి రెండేళ్ళ ముందే, 1816లో, మద్రాసులో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ తెలుగు సంస్కృతజన్యం కాదని, తమిళ కన్నడాలతో ఒకే కుటుంబానికి చెందినదని నిరూపించాడు. పోలికలను చూసి మురిసిపోక, అవి ఒక నియమానికి లోబడి ఉన్నాయా అని పరీక్షించే దృష్టి ఆ దశాబ్దంలో ఐరోపాలోను, ఆంధ్రదేశపు వాకిటను దాదాపు ఒకేసారి రూపుదిద్దుకొన్నది.

జోంగ్‌ఖాలో మూడు ‘సుమ్’, అయిదు ‘ఙ’, తొమ్మిది ‘గు’. చైనీస్‌లో మూడు ‘సాన్’, బర్మీస్‌లో అయిదు ‘ఙా’. ఇక్కడి చుట్టరికం వేరని స్పష్టమవుతున్నది. జోంగ్‌ఖాలో రెండును ‘ఞి’ అంటారు. నార్వీజియన్‌లో తొమ్మిది ‘నీ’. రెండు పదాలు చెవికి దగ్గరగానే తోచినా ఆ సామ్యం కాకతాళీయం. ప్రతి భాషకు ఉన్న ధ్వనులు కొన్ని పదులే కనుక చిన్న చిన్న పదాలు అప్పుడప్పుడు కలియక తప్పదు. ఒక్క పదం కలిసినంత మాత్రాన చుట్టరికం కలుపరాదు.

రేఫ పోయింది, మూర్ధన్యం మిగిలింది

ఇక అసలు ప్రశ్నకు వద్దాము. నార్వే ప్రజలు తమ భాషను వ్రాతలో ‘నొర్‌స్క్’ అంటారు. కాని ఆస్లో ప్రాంతంలో దానిని ‘నొష్క్’ అని పలుకుతారు. రేఫ వినిపించదు. అయితే దాని ప్రక్కనున్న ‘స’ తన చోటు విడిచి ‘ష’ అయింది. అట్లే శిశువు అనే అర్థం గల ‘బార్న్’ అన్న పదం ‘బాణ్’ అవుతుంది. రేఫ వెంట వచ్చిన త, ద, న, స లు వరుసగా ట, డ, ణ, ష లవుతాయి. ఇది పాత పదాలలో గడ్డకట్టిన మార్పు మాత్రమే కాదు, నేటికీ పనిచేస్తున్న నియమం. ‘ఫొర్’, ‘సేన్త్’ అనే రెండు వేరు పదాలు కలిసి ‘మరీ ఆలస్యంగా’ అనే అర్థం ఇచ్చేటప్పుడు కూడ వాటి నడుమ ‘ష’ పుడుతుంది.

దీనికి కారణం నాలుక కదలికలో ఉన్నది. ‘ర’ పలుకడానికి నాలుక మొన పైకి లేచి వెనుకకు జరుగుతుంది. వెంటనే ‘న’ పలుకవలసి వస్తే మొన మరల పళ్ళ వద్దకు రావాలి. వేగంగా మాట్లాడేవారికి ఆ శ్రమ వృథా అనిపిస్తుంది. నాలుక మొన వెనుకనే ఉండి ‘న’ పలికితే అది ‘ణ’ అవుతుంది. ఈ వివరణను పరీక్షించే అవకాశం నార్వేలోనే ఉన్నది. పశ్చిమ తీరంలోని బెర్గెన్, స్తవాంగెర్ నగరాలలో ‘ర’ను నాలుక మొనతో కాక గొంతు దగ్గర, కొండనాలుక ప్రాంతంలో పలుకుతారు. అక్కడ మొనకు పైకి లేచే అవసరం లేదు. అందువల్ల అక్కడి మాటలో ఈ మూర్ధన్యాలు పుట్టలేదు. కారణం లేని చోట కార్యమూ లేదు.

భూటాన్ ప్రజలు తమ దేశాన్ని ‘డ్రుక్ యుల్’ అంటారు. ఉరుము డ్రాగన్ దేశమని భావం. రోమన్ లిపిలో ‘డ’ తరువాత ‘ర’ వ్రాయడం వాడుక అయినా, పలుకుబడిలో అక్కడ వినిపించేది ఒకే మూర్ధన్యం, తెలుగు ‘డ’ వంటిది. స్వదేశీ లిపిలో చూస్తే ఆశ్చర్యం మరింత పెరుగుతుంది. అక్కడ ఉన్నది ‘డ’ కాదు. ‘బ’కు క్రింద క్రావడి ఇచ్చి, ముందు మరొక అక్షరం చేర్చి, చివర ‘గ’తో ‘బ్రుగ్’ అని వ్రాస్తారు. ఆరు అనే అంకెను ‘ద్రుగ్’ అని వ్రాసి ‘డు’ అని పలుకుతారు. చట్టం అనే పదాన్ని ‘ఖ్రిమ్స్’ అని వ్రాసి ‘ఠిమ్’ అని పలుకుతారు. ఒకప్పుడు ఈ అక్షరాలన్నీ వినిపించేవి. కాలక్రమాన బ, ద, ఖ లు రేఫతో కలిసిపోయి, రేఫకు చెందిన నాలుక స్థానాన్ని మాత్రం మిగిల్చి వెళ్ళాయి.

నార్వేలో రేఫ హల్లుకు ముందున్నది. భూటాన్‌లో హల్లుకు వెనుకనున్నది. ఫలితం మాత్రం ఒక్కటే: రేఫ పోయింది, మూర్ధన్యం మిగిలింది. వేల మైళ్ళ దూరంలో, ఒకరి మాట మరొకరు వినని రెండు జాతుల నోట ఒకే చర్య జరిగింది.

శ్రుతిలో దాగిన అక్షరాలు

రెండవ సాక్ష్యం శ్రుతికి సంబంధించినది. నార్వీజియన్‌లో రైతులు, చిక్కుడు గింజలు అనే అర్థాలు గల రెండు పదాలు వర్ణక్రమంలో వేరైనా, పలుకుబడిలో హల్లులు, అచ్చులు అన్నీ సమానమే. రెండింటినీ ఇంచుమించు ‘బొన్నెర్’ అని పలుకుతారు. మొదటి అచ్చును పెదవులు గుండ్రంగా ఉంచి ‘ఎ’ పలికితే సరిపోతుంది. భేదం రాగంలో ఉన్నది. ఆస్లో ప్రాంతంలో రైతులు అనేటప్పుడు కంఠం క్రింది స్థాయిలో మొదలై పైకి లేస్తుంది. గింజలు అనేటప్పుడు పై స్థాయి నుండి దిగి మరల లేస్తుంది.

ఈ భేదం ఎక్కడిది? వెయ్యేళ్ళ క్రిందటి భాషలో రైతులు అనే పదానికి ఒకే అక్షరం. గింజలు అనే పదానికి రెండు అక్షరాలు. తరువాతి కాలంలో మొదటి పదంలోని హల్లుల గుంపు నడుమ ఒక అచ్చు చొరబడి దానిని కూడ రెండు అక్షరాల పదంగా చేసింది. లెక్క సమానమైనా పాత రాగం మారలేదు. నేటి ఆస్లో బాలుడు ఆ రెండు పదాలను వేరు చేసి పలికినప్పుడల్లా, తనకు తెలియకుండానే, వెయ్యేళ్ళ నాటి అక్షరాల లెక్కను చెబుతున్నాడు.

జోంగ్‌ఖాలో ‘ఙ’ అని క్రింది స్థాయిలో పలికితే ‘నేను’, పై స్థాయిలో పలికితే ‘అయిదు’. లిపిలో చూస్తే ‘నేను’ ఒంటి ‘ఙ’. ‘అయిదు’ మాత్రం నెత్తిన ‘ల’ ఉన్న ‘ల్ఙ’. పూర్వం ఆ ‘ల’ పలికేది. అది నోటి నుండి జారిపోయినా, దాని వల్ల ఏర్పడిన పై స్థాయి నిలిచిపోయింది. అనునాసికాల వంటి ధ్వనులతో మొదలయ్యే పదాలలో ఈ స్థాయీభేదమే అర్థభేదానికి ఆధారం. ఒక చోట పోయిన హల్లు, మరొక చోట చెరిగిపోయిన అక్షర సంఖ్య. రెండింటి అవశేషమూ రాగంలోనే దొరికింది.

వాక్యంలో వేరు దారులు

ధ్వనుల విషయంలో ఇంత సామ్యమున్నా వాక్య నిర్మాణంలో ఈ భాషల దారులు వేరు. నార్వీజియన్ ప్రకటన వాక్యంలో క్రియ రెండవ స్థానాన్ని విడువదు. ‘నేను చదువుతాను పుస్తకం ఈ రోజు’ అన్నది వారి వరుస. ‘ఈ రోజు’ను ముందుకు తెస్తే ‘ఈ రోజు చదువుతాను నేను పుస్తకం’ అవుతుంది. జోంగ్‌ఖా వాక్యం తెలుగు వాక్యం వలె క్రియతో ముగుస్తుంది. విభక్తి ప్రత్యయాలు కూడ నామానికి వెనుకనే చేరుతాయి. మర్యాద కోసం వాక్యం చివర ‘లా’ చేర్చడం తెలుగువారి ‘అండి’ని తలపిస్తుంది. నార్వీజియన్‌లో ‘మీరు’ వంటి గౌరవ సర్వనామం ఒకప్పుడుండేది. 1970ల నుండి అది వాడుకలో దాదాపు లేకుండ పోయింది.

ఒక సూక్ష్మమైన విశేషం జోంగ్‌ఖాలో ఉన్నది. ‘అతడు వైద్యుడు’ అన్న విషయం చెప్పేవానికి చిరకాలంగా తెలిసినదైతే ‘ఇంగ్’ అనే క్రియ వాడుతారు. ఇప్పుడే తెలిసినదైతే ‘ఇమ్మె’ అంటారు. తెలుగులో ‘వచ్చాడట’ అన్నప్పుడు విన్న సంగతి అని తెలుస్తుంది గదా! జోంగ్‌ఖా అట్లే జ్ఞానం పాతదా, క్రొత్తదా అన్నది కూడ వ్యాకరణంలోనే చెబుతుంది.

ఇరవైల లెక్క

జోంగ్‌ఖాలో సంప్రదాయ గణన ఇరవైలతో సాగుతుంది. ఇరవైని ‘ఖె’ అంటారు. నలభై రెండు ఖెలు, అరవై మూడు ఖెలు, నూరు అయిదు ఖెలు. ముప్పైకి ‘రెండవ ఖెలో సగం’, యాభైకి ‘మూడవ ఖెలో సగం’ అనే భావం గల మాటలున్నాయి. ఇరవై ఇరవైలైన 400కు, దానికి ఇరవై రెట్లైన 8,000కు ప్రత్యేకమైన పేర్లున్నాయి. పదుల లెక్క కూడ ప్రక్కనే వాడుకలో ఉన్నది.

విచిత్రమేమంటే యాభైని ‘మూడవ ఇరవైలో సగం’ అనే పద్ధతి డేనిష్‌లో నేటికీ ఉన్నది. చేతివేళ్ళు, కాలివేళ్ళు కలిపి ఇరవై అయినప్పుడు, సగాన్ని ఒక మెట్టుగా భావించే బుద్ధి రెండు చోట్ల విడివిడిగా పుట్టడంలో వింత లేదు. నూరులో పావును ‘పాతిక’ అనే తెలుగువారికి ఈ తీరు సులభంగానే బోధపడుతుంది. నార్వీజియన్ పదులనే వాడింది గాని, ఇరవై రెండును ‘రెండు మరియు ఇరవై’ అని చెప్పేది. టెలిఫోన్ నంబర్లు చెప్పడంలో ఇది పొరపాట్లకు దారితీస్తున్నదని భావించి, 1951లో నార్వే ప్రభుత్వం ‘ఇరవై రెండు’ అనే వరుసను అధికారికంగా ప్రవేశపెట్టింది. అయినా పాత వరుస ఇళ్ళలో నేటికీ వినిపిస్తూనే ఉన్నది.

వ్రాత ఎవరి నోటిని అనుసరించాలి?

ధ్వనుల మార్పు ఎవరి అనుమతితోను జరుగదు. వ్రాత విషయం అట్లా కాదు. అక్కడ మనుషులు నిర్ణయం తీసుకోవాలి. ఈ రెండు దేశాల చరిత్రలోని గొప్ప సామ్యం ఇక్కడనే ఉన్నది. రెండింటికీ చాలా కాలం వ్రాత భాష వేరొక చోటి నుండి వచ్చినది.

నార్వే 1380 నుండి 1814 వరకు డెన్మార్క్‌తో కలిసి ఉన్నది. ఆ కాలంలో పాలనకు, మతానికి, చదువుకు డేనిష్ భాషే ఆధారమైంది. డెన్మార్క్‌తో సంబంధం తెగిన తరువాత రెండు మార్గాలు తెరుచుకొన్నాయి. సామాన్య రైతు కుటుంబంలో పుట్టి స్వయంకృషితో పండితుడైన ఇవార్ ఓసెన్ 1842 నుండి 1846 వరకు దేశమంతటా తిరిగి పల్లె పలుకుబడులను సేకరించాడు. 1848లో వ్యాకరణం, 1850లో నిఘంటువు ప్రచురించి, వాటి ఆధారంగా క్రొత్త వ్రాత భాషను నిర్మించాడు. మరొక ప్రక్క క్నూద్ క్నూద్‌సెన్ అనే ఉపాధ్యాయుడు డేనిష్‌నే నార్వే విద్యావంతుల ఉచ్చారణకు అనుగుణంగా క్రమంగా మార్చాలన్నాడు. 1885లో పార్లమెంటు రెండింటికీ సమాన హోదా ఇచ్చింది. 1907 సంస్కరణతో పుస్తకానికి ‘బోగ్’ అని వ్రాసి ‘బూక్’ అని పలికే అవస్థ తొలగింది. వ్రాతలోను ‘గ’కు బదులు ‘క’ వచ్చింది. ఈ రెండు రూపాలకే 1929లో నీనొష్క్, బూక్‌మోల్ అనే పేర్లు స్థిరపడ్డాయి. రెండింటినీ ఒకటిగా కలపాలన్న ప్రభుత్వ విధానం దశాబ్దాల వివాదం తరువాత 2002లో విరమింపబడింది. నేడు పాఠశాల పిల్లలలో పదింట ఒకరికి కాస్త పైగా నీనొష్క్‌ను ప్రధాన రూపంగా నేర్చుకొంటారు.

భూటాన్‌లో వ్రాత భాష ‘ఛోకె’, అంటే ధర్మభాష. ప్రాచీన టిబెటన్ రూపం. 17వ శతాబ్దంలో దేశాన్ని ఏకం చేసిన జబ్‌ద్రుంగ్ ఙవాంగ్ నమ్‌గ్యల్ కాలం నుండి శాసనాలు, శాస్త్రాలు అందులోనే వెలువడ్డాయి. 20వ శతాబ్దపు రెండవ భాగంలో ప్రజలు మాట్లాడే జోంగ్‌ఖాను వ్రాతకు తెచ్చే ప్రయత్నం ఆరంభమయినప్పుడు వ్యాకరణం మాటను అనుసరించింది. వర్ణక్రమం మాత్రం చాలవరకు పాతదే నిలిచింది. అందువల్ల ఎనిమిది అనే అంకెను ‘గె’ అని పలికే బాలుడు దానిని వ్రాయడానికి బ, ర, గ, య, ద అనే అయిదు అక్షరాలు గుర్తుంచుకోవాలి. కోటను సూచించే ‘జోంగ్’కు ముందు కూడ పలుకని రేఫ ఒకటి ఉన్నది, అది పాత తెలుగు ముద్రణలోని వలపలగిలకను గుర్తుకు తెస్తుంది. 1960ల నుండి పాఠశాలలలో బోధన ఇంగ్లీషులో సాగుతున్నది. జోంగ్‌ఖా ఒక పాఠ్యవిషయం మాత్రమే. కనుక ఈ వర్ణక్రమపు భారం చిన్న విషయం కాదు. తన జాతీయ భాష కంటె ఇంగ్లీషులో వ్రాయడమే సులభమని ఒక విద్యార్థికి తోస్తే, కోటలలో పుట్టిన భాషకు అది బయటి శత్రువు కంటె పెద్ద ప్రమాదం.

అయితే పాత వర్ణక్రమానికి తన లాభం తనకున్నది. దానిని నేర్చినవానికి శతాబ్దాల సాహిత్యం చేతికి అందుతుంది. పోయిన ధ్వనులన్నీ కాగితం మీద భద్రంగా ఉన్నాయి. నార్వే మాటకు దగ్గరైంది గాని, 1879లో ఇబ్సెన్ ‘బొమ్మరిల్లు’ నాటకం వ్రాసిన వర్ణక్రమం నేటి నార్వే బాలునికి పరాయిగా కనిపిస్తుంది. ఒకరు చెవికి విలువ ఇచ్చి కంటికి కొంత నష్టం తెచ్చుకొన్నారు. మరొకరు కంటికి విలువ ఇచ్చి చెవిని కష్టపెట్టారు.

తెలుగులో ఇదే లెక్క

టిబెటన్ లిపి, తెలుగు లిపి రెండూ బ్రాహ్మీ నుండి పుట్టినవే. క, ఖ, గ, ఙ అనే వరుసను భూటాన్ పిల్లలు కూడ వల్లిస్తారు. యవత్తు, క్రావడి వంటివి వారికీ ఉన్నాయి. తెలుగు నిఘంటువులలో దంత్య చ, జ లకు ప్రత్యేకమైన గుర్తు చేర్చినట్లే, వారి లిపిలోను చ, జ ల ఆకారాలకు గుర్తు చేర్చి దంత్యాలను ఏర్పరచుకొన్నారు.

తెలుగు కూడ రేఫను పోగొట్టుకొన్నది. క్రొత్త కొత్త అయింది, ప్రాత పాత అయింది, మ్రాను మాను అయింది, త్రాడు తాడు అయింది. ఇక్కడ మూర్ధన్యం పుట్టలేదు, శ్రుతి మారలేదు. పోయిన రేఫకు నేటి ఉచ్చారణలో అవశేషం ఏమీ లేదు. అది ఉన్నదల్లా గ్రాంథిక వర్ణక్రమంలోనే. గిడుగు రామమూర్తి పంతులు 1863 నుండి 1940 వరకు సాగిన తన జీవితంలో అధిక భాగాన్ని వ్రాత నోటికి దగ్గర కావాలన్న వాదానికి ధారపోశారు. ఆయన వాదం నెగ్గినందువల్లనే నేటి తెలుగు బాలుడు జోంగ్‌ఖా బాలుని వలె పలుకని అక్షరాలు మోయనక్కరలేదు. అయితే విదేశాలలో పెరుగుతున్న తెలుగు పిల్లలకు ‘క్రింద’ అన్న పదం పుస్తకంలో ఎదురైనప్పుడు అది తమ ఇంట వినిపించే ‘కింద’యే అని ఎవరో ఒకరు చెప్పవలసి ఉన్నది. ఆ ఒక్క మాట చెబితే పాత పుస్తకం వారికి తెరుచుకొంటుంది. చెప్పకపోతే అది పరాయి భాషగానే మిగులుతుంది.

నార్వీజియన్ రేఫ ‘ష’లో దాగింది. జోంగ్‌ఖా రేఫ ‘డ’లో దాగింది. తెలుగు రేఫ పెద్దల చదువులో మాత్రమే దాగి ఉన్నది. మొదటి రెండింటినీ ఆయా భాషలు మాట్లాడే పిల్లలు ఎవరూ నేర్పకుండానే కాపాడుతారు. మూడవది ఒకరు నేర్పితే గాని నిలువదు.